ఈస్టర్ బొమ్మ మారాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

అయ్యా,

ఏటా ఈస్టర్ వచ్చేసరికి పత్రికల పిల్లల పేజీల్లోనూ, బడుల గోడపత్రికల మీదా రంగు గుడ్లు, చాక్లెట్లు, బుట్ట పట్టుకున్న కుందేలు బొమ్మలు కనిపిస్తుంటాయి. ఆ బొమ్మల మీద నాకు కోపం లేదు. అయితే తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, చిత్తూరు ప్రాంతాల్లో ఈ పండుగ జరుపుకొనే కుటుంబాలు ఆ రోజు చేసే పనికీ, ఆ బొమ్మలకూ ఎలాంటి సంబంధమూ లేదు. మన పక్కింటివాళ్ల పండుగ ఎలా ఉంటుందో మనకు తెలియకపోవడానికి అవి కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఊళ్లలో ఈస్టర్ సమాధుల తోటలో మొదలవుతుంది. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికే చాలా కుటుంబాలు తమ పెద్దల సమాధుల చుట్టూ పెరిగిన ముళ్లకంపలు కొట్టించి, సున్నం వేయించి, చెరిగిపోయిన పేర్లను మళ్లీ రాయించడం మొదలుపెడతాయి. శనివారం సాయంత్రానికి పూలదండలు సిద్ధమవుతాయి. ఆదివారం ఇంకా తెల్లవారకముందే, చెన్నైలోనో బెంగళూరులోనో స్థిరపడిన పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ అక్కడికి చేరి, సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, ప్రార్థన చేసి, సూర్యోదయం తర్వాత చర్చికి వెళ్తారు. ఇంకా చీకటిగా ఉండగానే యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ ఆయన సమాధి దగ్గరికి వెళ్లి, దాని మీది రాయి తీసివేసి ఉండటం చూసిందని బైబిలులోని యోహాను సువార్త చెబుతుంది. ఆ వేళనూ, ఆ చోటునూ మనవాళ్లు ఉన్నవి ఉన్నట్లుగా పట్టుకున్నారు. చనిపోయినవారు మళ్లీ లేస్తారన్న నమ్మకాన్ని చెప్పుకోవడానికి వారి పక్కనే నిలబడటం కంటే తగిన పద్ధతి మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ఇలా చేసేది మనమొక్కరమే కాదు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరిలో 1732లో మొరేవియన్ సంఘమనే ప్రొటెస్టెంటు శాఖకు చెందిన యువకులు ఈస్టర్ నాడు తెల్లవారుజామున కొండమీది శ్మశానానికి వెళ్లి పాటలు పాడారు. సూర్యోదయ ఆరాధన అన్న ఆచారం ప్రొటెస్టెంటు సంఘాల్లో అక్కడి నుంచే వ్యాపించిందని చెబుతారు. జార్జియా దేశంలో ఈస్టర్ రోజుల్లో కుటుంబాలు సమాధుల దగ్గరికి వెళ్లి, ఎర్రరంగు వేసిన గుడ్లను వాటి మీద దొర్లిస్తాయి. రష్యాలో ఈస్టర్ తర్వాతి రెండో మంగళవారం నాడు పెద్దల సమాధులను దర్శించి, పండుగ వార్తను వారికీ వినిపించినట్లు భావిస్తారు.

ఇక మన ప్రాంతానికి ఈ పండుగ ఎలా వచ్చిందో చూస్తే మరో సంగతి బోధపడుతుంది. చిత్తూరు వైపు పనిచేసిన ఆర్కాటు మిషన్‌ను 1853లో అమెరికన్లు స్థాపించారు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టి నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించారు. ఆ హెర్మన్స్‌బర్గ్ ఉన్న ఉత్తర జర్మనీలో ఈస్టర్ ముందురోజు రాత్రి ఊరి బయట పెద్ద మంటలు వేయడం పాత ఆచారం. గుడ్లు తెచ్చే కుందేలు కథ కూడా జర్మనీదే. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలసవెళ్లిన జర్మన్లతోపాటు అది అమెరికా చేరింది. ఆ మంటలు గానీ ఆ కుందేలు గానీ మన పల్లె సంఘాల్లో వేళ్లూనలేదు. మనవాళ్లు తమకు అర్థవంతంగా తోచినదాన్ని నిలుపుకొని మిగిలినదాన్ని వదిలేశారు. నూరేళ్లకు పైగా మనం పక్కన పెట్టిన కుందేలును ఇప్పుడు అచ్చుబొమ్మల ద్వారా మళ్లీ పిల్లల ముందుకు తేవడంలో ఔచిత్యం లేదు.

గుడ్డుకు మాత్రం అది పుట్టిన చోట మంచి కారణమే ఉంది. ఈస్టర్‌కు ముందు సాగే ఉపవాస కాలంలో పూర్వం క్రైస్తవులు మాంసంతోపాటు గుడ్లు కూడా మానేవారు. కోళ్లు గుడ్లు పెట్టడం మానవు కనుక అవి పోగుపడేవి, పండుగనాడు అందరికీ పంచేవారు. గ్రీసులో ఈనాటికీ ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద గురువారం నాడు గుడ్లకు ఎర్రరంగు వేసి, శనివారం అర్ధరాత్రి ఆరాధన తర్వాత ఒకరి గుడ్డును మరొకరి గుడ్డుతో తాకించి పగులగొడతారు. పోలెండులో శనివారం నాడు గుడ్లు, రొట్టె, ఉప్పు బుట్టలో పెట్టుకుని చర్చికి తీసుకెళ్లి దీవెన పొందుతారు, సోమవారం నాడు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. నా మనసుకు అన్నిటికంటే హత్తుకునేది ఇథియోపియా పద్ధతి. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు 55 రోజులపాటు మాంసం, పాలు, గుడ్లు ముట్టకుండా ఉండి, శనివారం రాత్రి చాలాసేపు చర్చిలో నిలబడి ప్రార్థన చేసి, తెల్లవారకముందే ఇంటికి వచ్చి కోడికూరతో ఉపవాసం విరమిస్తారు. అంత ఆకలి తర్వాత తినే ఆ ముద్ద విలువను చాక్లెట్ గుడ్డు చెప్పలేదు.

తేదీ ప్రతి ఏడాదీ ఎందుకు మారుతుందని పిల్లలు అడుగుతుంటారు. తిథులతో బతికే మన ఊరివారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్ అవుతుంది. అంటే చాలా ఏళ్లలో అది తిరుమలలో తెప్పోత్సవాలు ముగిసే ఫాల్గుణ పౌర్ణమి తర్వాతో, వసంతోత్సవాలు ముగిసే చైత్ర పౌర్ణమి తర్వాతో వస్తుందన్నమాట. తూర్పు ఐరోపాలోని ఆర్థొడాక్స్ సంఘాల్లో ఎక్కువ భాగం పాత జూలియన్ పంచాంగాన్ని అనుసరిస్తాయి కాబట్టి 2024లో మనకు మార్చి 31న ఈస్టర్ కాగా వారికి మే 5న వచ్చింది. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే కుదిరింది.

ఈ పండుగ జరుపుకోని క్రైస్తవులు కూడా ఉన్నారని పత్రికలు చెప్పడం అవసరం. బైబిలులో ఆజ్ఞ లేదన్న కారణంతో ఇంగ్లండు పార్లమెంటు 1647లో క్రిస్మస్‌తోపాటు ఈస్టర్‌ను కూడా రద్దు చేసింది. యెహోవా సాక్షులు ఏటా క్రీస్తు మరణాన్ని స్మరిస్తారు గానీ ఈస్టర్ చేయరు. మన తెలుగు నేల మీది బ్రదరన్ సహవాసాల్లో చాలామంది ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, వారికి ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే. వారు ఈస్టర్ చేయకపోవడం భక్తి లోపం వల్ల కాదు, అది వారి భక్తిలో భాగమే. ‘క్రైస్తవులంతా ఆనందోత్సాహాలతో’ అని మొదలయ్యే వార్తలో వారికి చోటు దొరకదు.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. వచ్చే ఈస్టర్‌కు మీ విలేకరినీ ఫొటోగ్రాఫరునూ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఏదైనా సమాధుల తోటకు పంపండి, పిల్లల పేజీలో ఆ చిత్రమే వేయండి. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానిస్తూ దుఃఖంలో గడిపేవారిని ఉద్దేశించి శుభాకాంక్షల ప్రకటనలు ప్రచురించకండి. పురపాలక, పంచాయతీ అధికారులు మట్టల ఆదివారానికి ముందే శ్మశానాల దారుల్లో దీపాలు వెలిగేలా, కుళాయిల్లో నీళ్లు వచ్చేలా చూసేటట్లు మీ జిల్లా పేజీ ద్వారా ముందుగానే గుర్తు చేయండి. వృద్ధులు ఆ చీకట్లో గుంతలు తప్పించుకుంటూ నడవవలసి వస్తోంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తిరుపతి