ఎర్రర్ కోడ్ అర్థం స్టవ్ మీదే రాయాలి

సంపాదకులకు,

ఈ మధ్య మా ఇండక్షన్ స్టవ్ పది నిమిషాలు వెలగగానే కుయ్‌మని ఆగిపోయేది. డిస్‌ప్లేలో 'ఇ' అక్షరం, దాని పక్కన ఒక అంకె. అదేమిటో స్టవ్ మీద ఎక్కడా లేదు, మాన్యువల్ ఎప్పుడో పోయింది. రిపేరు షాపుకు తీసుకెళ్తే, కనీసం విప్పి చూడకుండానే "బోర్డు పోయింది, మార్చాలి" అన్నారు. మనసొప్పక వెనక్కి తెచ్చేశాను. మళ్లీ గట్టు మీద పెట్టి, ఆన్ చేసి, వంగి కిందికి చూశాను. మరకలు పడకుండా పరిచిన పాత న్యూస్‌పేపరు, ఫ్యాను లాగుడికి పైకి లేచి గాలి చిల్లులకు అతుక్కుపోయి ఉంది (మీ పేపరే, ఏమీ అనుకోకండి). దాన్ని తీసేశాను. అంతే, మళ్లీ ఆగలేదు.

నిజానికి ఈ స్టవ్‌ల విషయంలో మనం రిపేరు అనుకునేవి చాలావరకు రిపేర్లు కావు. గాజు పలక కింద ఉన్న తీగచుట్ట అయస్కాంత శక్తితో గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది. అందుకే అయస్కాంతం అంటుకోని మామూలు అల్యూమినియం, రాగి గిన్నెలు పెడితే 'గిన్నె లేదు' అనుకుని ఆగిపోతుంది. అడుగు మరీ చిన్నదైనా అంతే. సన్న సెగలో వేడి ఆగి ఆగి రావడం, గిన్నె జుయ్‌మనడం, ఆఫ్ చేశాక కూడా ఫ్యాను కాసేపు తిరగడం మామూలే. బటన్లు పలక్కపోతే ముందు తడి తుడిచి, చైల్డ్ లాక్ పడిందేమో చూసుకోవాలి. గాజు పగిలితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయాలి. ఆ పగులులోంచి నీళ్లు దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

ఇవన్నీ తెలిసినా కోడ్ దగ్గరికొచ్చేసరికి చిక్కే. ఒక కంపెనీలో లో వోల్టేజీకి ఇచ్చిన నంబరే ఇంకో కంపెనీలో ఓవర్‌హీట్ కావచ్చు. కోడ్‌లన్నీ ఒకేలా ఉండాలని, వాటి అర్థం మనకొచ్చిన భాషలో స్టవ్ మీదే ముద్రించాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. నాలుగు లైన్ల స్టిక్కరు చాలు. వెబ్‌సైట్‌లో ఉందిగా అంటారు కంపెనీల వాళ్లు. అక్కడ ముందు మోడల్ నంబరు అడుగుతారు. మా స్టవ్‌కి అది అడుగున ఉంది, జిడ్డు పట్టి సగం చెరిగిపోయి.

ఇట్లు,
ఒక వినియోగదారు