కాలవ గట్ల మీద గడ్డిమందు కొట్టడం ఆపండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కాలవ గట్ల మీద పిచ్చిమొక్కలు తొలగించారని ఫొటోతో సహా వేశారు. గడ్డిమందుకి మాడిపోయిన గట్టుని చూపించి శుభ్రం చేశారని రాయడమే బాధనిపించింది. దానికి తోడు ‘వాన పడితే మళ్లీ అవే మొలుస్తాయి’ అన్న అధికారి మాటని ఎదురు ప్రశ్న లేకుండా అచ్చేశారు.

మొలుస్తాయి, కాదనను. కానీ వాటి మీద వాలే పురుగులు పోతే, తరాలు గడిచేకొద్దీ మొలిచేవి అవే మొక్కలు కావు. ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వుకి చేరాలో తేల్చేది ఆ పురుగులే. జిల్లేడు దగ్గర కాసేపు నిలబడి చూడండి. దాని పుప్పొడి పొడిలా రాలదు, జంట సంచుల్లా ఉంటుంది. పెద్ద నల్ల తుమ్మెద వాలితే ఆ జంట దాని ఒంటికి తగులుకుంటుంది. ఆ సంచి ఇంకో పువ్వులో సన్నటి చీలికలోకి దూరితేనే కాయ. అదే గట్టున ఉమ్మెత్త పొద్దు వాలాక విచ్చుకుంటుంది. ఆ పొడుగాటి గొట్టం అడుగుకి నాలుక చాపగలిగే రాత్రి పురుగులు వేరే ఉన్నాయి.

కాలిఫోర్నియా కొండల్లో మిమ్యులస్ పూలజాతులు రెండున్నాయి. గులాబీ రంగుదాని మీద బంబుల్ తేనెటీగలు వాలతాయి, ఎర్రదాని మీద హమ్మింగ్ పిట్టలు. మనిషి చేత్తో పుప్పొడి అంటిస్తే రెండూ కలుస్తాయి. పక్కపక్కన పెరిగినా వాటంతటవి కలిసేది బహు అరుదు. రంగుని తేల్చే ఒక్క జన్యుస్థానాన్ని (క్రోమోజోము మీద జన్యువు ఉండే చోటుని) ఎర్రదాని నుంచి గులాబీదానిలోకి తెస్తే, హమ్మింగ్ పిట్టల రాక 68 రెట్లు పెరిగిందని 2003లో తేలింది. రెండు జాతులు విడివిడిగా నిలబడటం వెనక ఆ పిట్టా, ఈ ఈగా ఉన్నాయి.

పురుగులు తగ్గితే ఏమవుతుందో ప్యారిస్ చుట్టుపక్కల పొలాల్లో చూశారు. అడవి పాన్సీ అనే చిన్న పూలమొక్క పాత విత్తనాల్నీ ఇప్పటివాటినీ కలిపి పెంచి, 2023లో ఫలితాలు ప్రకటించారు. 20, 30 ఏళ్లలోనే పూలు 10 శాతం చిన్నవయ్యాయి, తేనె 20 శాతం తగ్గింది, సొంత పుప్పొడితోనే కాయడం పెరిగింది. ఒకేచోట పెంచినా తేడా కనిపించిందంటే అది జన్యువుల్లోకి దిగిన మార్పు. ఇక మళ్లీ విత్తనాలు చల్లి సరిపెడతామంటే ఎలా?

గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (పురుగుమందులు కొట్టడమే పనిగా ఉన్నవాళ్లు) తప్ప ఎవరూ వాడకూడదని 2022లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మా గట్టు మీద కొట్టింది ఏ మందు, ఎవరు కొట్టారు అని అడిగితే ఆఫీసులో ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పూడిక తీయరు. నీళ్లకి అడ్డంపడే గుర్రపుడెక్కని ముట్టుకోరు. గట్టున ఎవరికీ అడ్డంరాని తుమ్మి, ఉత్తరేణి, వాకుడు మాత్రం వాళ్లకి కంటగింపు. చవితి పత్రికి పిల్లల్ని గట్టుకి పంపే రోజులు పోయి బజార్లో కొనుక్కుంటున్నాం. ఇంటర్‌లో బోటనీ చదివే పిల్లలు కూడా ఈ పూలని పుస్తకంలో బొమ్మల్లోనే చూస్తున్నారు.

దారికి అడ్డం వస్తే కొడవలితో కోయించండి, అదీ గింజ రాలాక, ఒకసారికి ఒక గట్టు చొప్పున. కొట్టిన మందు పేరు పంచాయతీ బోర్డు మీద రాయించండి. మీ విలేకరి ఈసారి ఆ అధికారిని కలిసినప్పుడు ఇవే అడగాలని నా కోరిక.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, కోనసీమ