హాఫ్ మారథాన్‌కి వాచ్‌లో 21.35 కిలోమీటర్లు వచ్చిందని రిటర్న్ తెస్తున్నవాళ్లకి, మన షాప్ నుంచి అప్‌డేట్

అందరికీ నమస్తే. ఆగస్టు మారథాన్ అయిపోయింది, కాళ్లు కాస్త దారికొచ్చి ఉంటాయి అనుకుంటున్నా, ఇప్పుడు షాప్ సంగతులు మాట్లాడుకుందాం. ఈ రేస్ అయిన వారం మా కౌంటర్ దగ్గర ఏటా ఒకటే గొడవ. "అన్నా, హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు కదా, నా వాచ్‌లో 21.35 వచ్చింది, పీస్ ఏదో తేడాగా ఉంది, మార్చివ్వు" అని ఒకరొస్తారు, వాళ్లింకా మెట్లు దిగకముందే అదే మోడల్ చేతికి పెట్టుకుని ఇంకొకరొచ్చి "నాకు 21.22 వచ్చింది, అంటే రేస్ వాళ్లే రోడ్డు ఎక్కువ కొలిచారా" అంటారు. రెండు వాచీలూ బాగానే ఉన్నాయండి. కానీ ఆ ముక్క కౌంటర్ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్తే "డబ్బులు తీసుకుని ఇప్పుడు కబుర్లు చెప్తున్నాడు" అన్నట్టు వినిపిస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు మార్పు చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. రేస్‌లో డిస్టెన్స్ ఎక్కువ చూపించింది అనే ఒక్క కారణంతో ఇకమీదట వాచ్ మార్చివ్వం. దానికి బదులు ఆదివారం పొద్దున టెస్ట్ పెడుతున్నాం. పైన చెట్లు, పక్కన బిల్డింగులు లేని సాఫీ రోడ్డు మీద మెజరింగ్ వీల్‌తో 1 కిలోమీటర్ కొలిచి రెండు చివర్లా పెయింట్ మార్క్ పెట్టాం, వెళ్లి రావాలి, 2 కిలోమీటర్లు. మీ వాచ్ అటూ ఇటూ 30 మీటర్ల లోపు ఉంటే వాచ్ బాగున్నట్టే. అంతకంటే తేడా వస్తే ఇంకోసారి పరిగెడదాం, మళ్లీ అదే వస్తే వారంటీ క్లెయిమ్ మేమే వేసి వెంటపడతాం, మీరు సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగక్కర్లేదు. రెండోది, ఫుట్‌పాడ్ (షూ లేస్‌కి తగిలించి వేగం, దూరం లెక్కగట్టే చిన్న ముక్క) కొన్నవాళ్లకి ట్రాక్ మీద కాలిబ్రేట్ చేసి, అంటే కొలత సరిచేసి, ఇచ్చాకే అమ్మకం పూర్తయినట్టు. మూడోది, పేరూ ఊరూ లేని చవక ఫుట్‌పాడ్స్ తెప్పించడం ఆపేశాం. ఎందుకో కింద చెప్తా.

ఇప్పుడు ఆ 21.35 సంగతి. పద్ధతిగా కొలిచిన రేస్‌లో రోడ్డుని జీపీఎస్‌తో కొలవరు. సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అని చిన్న పరికరం బిగించి, స్టీల్ టేపుతో కొలిచిన దూరం మీద ముందు ఆ సైకిల్‌నే కాలిబ్రేట్ చేసి, తర్వాత రూట్ అంతా తొక్కుతారు. అది కూడా రోడ్డు మధ్యలో కాదు, ఏ మలుపులో ఎటు కోస్తే అతి దగ్గరి దారి అవుతుందో ఆ గీత మీద, అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో. దానిపైన పొరపాటున కూడా తక్కువ రాకూడదని కిలోమీటరుకి 1 మీటర్ అదనంగా కలుపుతారు, అంటే ఫుల్ 42.195కి ఇంకో 42 మీటర్లు. సో రూట్ ముందే ఒక పిసరు ఎక్కువ ఉంటుంది, మనమేమో ఆ దగ్గరి గీత మీద అస్సలు పరిగెత్తం, నీళ్ల టేబుల్ ఎడమవైపు ఉంటే ఎడమకి, ఫొటోగ్రాఫర్ కుడివైపు ఉంటే కుడికి, ముందు నలుగురు ఫ్రెండ్స్ చేతులు పట్టుకుని నడుస్తుంటే వాళ్లని చుట్టేసి. ఇదంతా మీ కాళ్లు నిజంగా పరిగెత్తిన దూరమే, వాచ్ దాన్ని నిజాయితీగానే లెక్కపెట్టింది. జీపీఎస్ తప్పు దాని మీద కలుస్తుంది.

ఒక్క మాట, ఇదంతా సర్టిఫై చేసిన రూట్లకే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ టెన్‌కే, కాలేజీ ఫైవ్‌కే లాంటివి చాలావరకు బైక్ మీటరుతోనో ఎవరో ఒకరి వాచ్‌తోనో కొలిచినవి. అక్కడ మీ వాచ్ 9.6 చూపిస్తే వాచ్‌నే నమ్మండి, పీబీ (ఇప్పటిదాకా మీ బెస్ట్ టైమ్) వచ్చిందని స్టేటస్ పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోండి :)

ఈ చిన్న తేడా టైమ్‌లో ఎంత అవుతుందో చూడండి, నాకైతే అసలు విషయం ఇదే అనిపిస్తుంది. 6:00 పేస్‌లో, అంటే కిలోమీటరుకి 6 నిమిషాల చొప్పున వెళ్తే హాఫ్ 2:06:35కి అయిపోవాలి కదా. వాచ్‌లో 6:00 కనిపిస్తూనే ఉంది, మీరు హ్యాపీగా ఉన్నారు, కానీ ఫినిష్ లైన్ దాటేసరికి వాచ్ 21.35 చూపిస్తోంది అంటే టైమ్ 2:08:06. ఒకటిన్నర నిమిషం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, వాచ్ కిలోమీటర్లు రోడ్డు కిలోమీటర్ల కంటే చిన్నవి, అంతే. రెండు గంటల ఏడు నిమిషాల లోపు అనుకుని ట్రైనింగ్ చేసినవాళ్లకి ఆ తొంభై సెకన్లు ఎంత మంటో నాకు తెలుసు. దీనికి మందు కొత్త వాచ్ కాదు. ఆటో ల్యాప్ (కిలోమీటరు అయిందని వాచ్ తనంతట తనే ల్యాప్ కొట్టడం) ఆపేసి, రోడ్డు పక్కన పెట్టిన కిలోమీటర్ బోర్డు దగ్గర మీరే ల్యాప్ బటన్ నొక్కండి. అప్పుడు టైమ్ మీ వాచ్‌ది, దూరం రేస్ వాళ్లది, సెకన్ల లెక్కలో వాచ్ ఎప్పుడూ తప్పు చెప్పదు. ఖర్చు సున్నా. ఇంకా చెప్పాలంటే స్క్రీన్ మీద ఆ క్షణం పేస్ పెట్టుకుని చూడటం మానేయండి, అది 5:30, 6:20, 5:50 అని ఎగురుతూనే ఉంటుంది, ఆ ల్యాప్ మొత్తం సగటు చూపించే ల్యాప్ పేస్ పెట్టుకోండి.

జీపీఎస్ ఎందుకు తప్పు చెప్తుంది అంటే, శాటిలైట్లు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, సిగ్నల్ అక్కడినుంచి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి వాచ్ దూరం లెక్కేస్తుంది. ఒక్క నానోసెకండ్ అటూ ఇటూ అయితే 30 సెంటీమీటర్లు. ఆకాశం కనిపించే చోట, అంటే నెక్లెస్ రోడ్‌లాంటి చోట, కొన్ని మీటర్ల తేడాతో సరిపోతుంది. అదే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల బిల్డింగుల మధ్య అయితే సిగ్నల్ నేరుగా రాకుండా ఎదురుగా ఉన్న అద్దానికి తగిలి వస్తుంది, ఎక్కువ దూరం తిరిగి వచ్చింది కాబట్టి వాచ్ మిమ్మల్ని పక్క వీధిలో పెడుతుంది. మెట్రో వయాడక్ట్ కింద పరిగెత్తేవాళ్ల మ్యాప్ చూడండి, తాగినోడి నడకలా ఉంటుంది. ఫ్లైఓవర్ పైన బాగుంటుంది, కింద దూరితే పోతుంది. చెట్లు దట్టంగా ఉన్నచోట, వాన తర్వాత ఆకులు తడిసి ఉన్నప్పుడు ఇంకొంచెం తేడా. ఇలా అడ్డదిడ్డంగా పడ్డ చుక్కలన్నీ కలిపితే తిన్నని రోడ్డు కూడా పొడుగవుతుంది, అందుకే తిన్నని రోడ్డు మీద వాచ్ ఎక్కువ చూపిస్తుంది. గుండ్రంగా తిరిగేచోట ఉల్టా, మలుపుని కోసేసి తక్కువ చూపిస్తుంది. మా వాచ్ టెస్ట్ 400 మీటర్ల ట్రాక్ మీద కాకుండా రోడ్డు మీద పెట్టింది కూడా ఇందుకే, ట్రాక్ మీద పెడితే మంచి వాచ్‌కి కూడా అన్యాయం జరుగుతుంది.

డ్యుయల్ బ్యాండ్ సంగతి చాలామంది అడుగుతున్నారు. పాత వాచీలు ఎల్1 అనే ఒక్క ఫ్రీక్వెన్సీనే వింటాయి, కొత్త ఖరీదైన మోడల్స్ ఎల్5 కూడా వింటాయి. ఎల్5 సిగ్నల్ కోడ్ పదిరెట్లు వేగంగా మారుతుంది, కాబట్టి నేరుగా వచ్చిందేదో గోడకి తగిలి వచ్చిందేదో వాచ్ బాగా పట్టుకోగలదు. తేడా నిజమే, బిల్డింగుల మధ్య మ్యాప్ చూస్తే కళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు నా వ్యాపారానికి పనికిరాని మాట చెప్తా: మీరు రోజూ కాలనీ పార్క్‌లోనో హుస్సేన్ సాగర్ పక్కనో పరిగెత్తేవాళ్లయితే దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి రోడ్ల మీదే మీ పరుగంతా అయితే పెట్టండి. కొన్నాక సెట్టింగ్స్‌లో అది ఆన్ చేశారో లేదో కూడా చూసుకోండి, బ్యాటరీ మిగల్చాలని ఆఫ్ చేసుకుని వాచ్‌ని తిట్టేవాళ్లు తక్కువేం లేరు. ఇస్రో నావిక్ (మన దేశం సొంత జీపీఎస్ లాంటిది) ఉన్న వాచ్ కావాలని అడిగేవాళ్లకి కూడా ఇక్కడే చెప్తున్నా, నావిక్ మొదటినుంచీ ఎల్5, ఎస్ బ్యాండ్ల మీదే నడిచింది, ఎల్1 సిగ్నల్ 2023లో ఎగిరిన ఎన్‌వీఎస్-01 శాటిలైట్‌తోనే మొదలైంది, కాబట్టి మీ పాత వాచ్‌కి అప్‌డేట్ చేస్తే నావిక్ వచ్చేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఇక ఫుట్‌పాడ్. నాకు బాగా ఇష్టమైన ఐటమ్, అమ్మకాల్లో మాత్రం చివరిది. షూ లేస్‌కి తగిలించే ఆ చిన్న ముక్కకి ఆకాశంతో పనే లేదు. లోపల యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పు పట్టుకునే సెన్సర్) ఉంటుంది, మంచివాటిలో జైరో (పాదం ఎటు తిరిగిందో చెప్పేది) కూడా. కాలు ఎంత జోరుగా కదిలింది అనేదాన్ని లెక్కగట్టి వేగం, వేగం నుంచి దూరం తీస్తుంది. ఈ లెక్కలో చిన్న తప్పు కూడా క్షణాల్లో పెరిగి పెద్దదవుతుంది, కానీ పాదానికి ఒక వరం ఉంది, ప్రతి అడుగులో నేల మీద ఆనినప్పుడు ఒక్క క్షణం పాదం వేగం సున్నా. ఆ సున్నా దగ్గర లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది కాబట్టి తప్పు పేరుకోదు. చేతి వాచ్‌కి ఈ అవకాశం లేదు, చెయ్యి ఎక్కడా ఆగదు. అందుకే ట్రెడ్‌మిల్ మీద వాచ్ మీ పాత పరుగుల నుంచి నేర్చుకున్న అంగ పొడవుతో అంచనా వేస్తుందంతే, మీరు హ్యాండిల్ పట్టుకున్నారంటే ఆ అంచనా కూడా గోవిందా.

2006లో నైకీ, యాపిల్ కలిసి షూ లోపల పెట్టే సెన్సర్ తెచ్చినప్పటినుంచి చాలాకాలం ఇంకో పద్ధతి నడిచింది, పాదం నేల మీద ఎంతసేపు ఉంది అనేదాన్ని బట్టి వేగం ఊహించడం. వేగంగా పరిగెత్తేకొద్దీ పాదం నేల మీద ఉండే టైమ్ తగ్గుతుంది, సూత్రం తప్పు కాదు, కాకపోతే మీరు ఎప్పుడూ ఒకే పేస్‌లో వెళ్తే బాగా పనిచేస్తుంది, మధ్యలో నడిచారా, అలిసిపోయి స్టైల్ మారిందా, అది తప్పిపోతుంది. మేము ఆపేసిన చవక పాడ్స్ మా చేతిలో అచ్చం ఇలాగే చేశాయి, ఈజీ రన్‌లో బంగారంలా ఉండి ఇంటర్వెల్స్‌లో, అంటే స్పీడ్ పెంచుతూ తగ్గిస్తూ పరిగెత్తేటప్పుడు, మొహం చాటేశాయి, ఒక డబ్బాలో ఉన్న రెండు పీసులు కూడా ఒకే మాట చెప్పవు, పైగా కాలిబ్రేషన్ నంబర్ మార్చుకునే దారి కూడా యాప్‌లో లేదు. అలాంటిది అమ్మి మీ దగ్గర మాట పడటం నాకిష్టం లేదు. స్ట్రైడ్‌లాంటి ఖరీదైనది, గార్మిన్ పాడ్‌లాంటి మామూలుది, రెండూ ఉంచుతున్నాం. మామూలుది కూడా కాలిబ్రేట్ చేస్తే చాలామందికి సరిపోతుంది.

కాలిబ్రేషన్ అంటే భయపడకండి. ట్రాక్ మీద లేన్ 1లో, లోపలి అంచుకి ఓ అడుగు దూరంలో పరిగెత్తాలి, 400 మీటర్లు కొలిచేది అంచు నుంచి 30 సెంటీమీటర్ల గీత మీదే. లేన్ 2లో పరిగెత్తితే ఒక రౌండ్ 407 మీటర్లు, లేన్ 8 అయితే 453, ఇది తెలియక బయటి లేన్‌లో వాకర్స్‌తో పాటు తిరిగి "పాడ్ ఎక్కువ చూపిస్తోంది" అనేవాళ్లు బోలెడుమంది. 4 రౌండ్లు మీ మామూలు పేస్‌లో, అంటే 1600. పాడ్ 1568 చూపించిందనుకోండి, 1600ని 1568తో భాగించి వచ్చిన 1.020 ఫ్యాక్టర్ పెట్టేస్తాం. తర్వాత ఇంకో 4 రౌండ్లు కొంచెం స్పీడుగా పరిగెత్తి అదే నంబర్ నిలబడుతోందా లేదా చూస్తాం. షూ మార్చినా, పాడ్‌ని లేస్ మీద పైకో కిందికో జరిపినా మళ్లీ ఓసారి చూసుకోవాలి. లూజుగా ఊగుతుంటే మాత్రం ఏ ఫ్యాక్టరూ కాపాడదు.

జిమ్ ట్రెడ్‌మిల్‌ని గురువు అనుకుని పాడ్‌ని దానికి సరిచేయొద్దు ప్లీజ్. బెల్టు అరిగి జారుతున్న మెషీన్ చూపించే 10 కిలోమీటర్లు ఎవరి 10 కిలోమీటర్లో దేవుడికే తెలియాలి. డౌట్ ఉంటే బెల్టు పొడవు టేపుతో కొలిచి, అంచున తెల్ల టేపు ముక్క అంటించి, మీరు పరిగెత్తుతుండగా ఇంకొకర్ని నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమనండి, నిజమైన స్పీడ్ వచ్చేస్తుంది. బెల్టు మీద ఎవరూ లేనప్పుడు తిప్పి లెక్కపెడితే కుదరదు, మనిషి బరువు పడినప్పుడే బెల్టు జారుడు బయటపడుతుంది.

డబ్బాల మీద రాసే "99 శాతం కరెక్ట్" మాటని కొనేముందు మీ రేస్‌లో పెట్టి చూసుకోండి. హాఫ్‌లో 1 శాతం అంటే 210 మీటర్లు. ట్రైనింగ్‌కి అది చాలా మంచి నంబర్, వారం వారం మీరు మెరుగవుతున్నారా అని చూడటానికి ఇంతకంటే అక్కర్లేదు. దాన్ని పట్టుకుని రేస్ డైరెక్టర్‌తో గొడవ పెట్టుకోవడానికి మాత్రం చాలదు.

మా దగ్గర చవక పాడ్ ఆల్రెడీ కొన్నవాళ్లు బిల్లు తెస్తే ఆ మొత్తం వాచ్ మీదకో వేరే పాడ్ మీదకో సర్దుతాం, బిల్లు లేకపోయినా మీ ఫోన్ నంబర్‌తో మా సిస్టమ్‌లో దొరుకుతుంది. వేరేచోట కొన్న పాడ్ అయినా కాలిబ్రేషన్‌కి తీసుకురండి, డబ్బులేం తీసుకోం. కొనాలా వద్దా అని ఊగుతున్నవాళ్లకి డెమో పాడ్ వారం రోజులు డిపాజిట్ మీద ఇస్తాం. రోడ్డు టెస్ట్ ఆదివారం పొద్దున 6కి, అయిపోగానే అక్కడినుంచే ట్రాక్‌కి వెళ్తాం, ఎక్కడ అనేది శనివారం సాయంత్రం వాట్సాప్ గ్రూప్‌లో పెడతాం, వాన పడితే మరుసటి వారం. వచ్చేముందు రాత్రి వాచ్‌ని ఫోన్‌కి సింక్ చేసుకోండి, శాటిలైట్ల లేటెస్ట్ డేటా దిగుతుంది, అక్కడికొచ్చాక సిగ్నల్ దొరికిందని చూపించిన తర్వాత కూడా ఒక్క నిమిషం ఆగి స్టార్ట్ నొక్కండి. సీఆర్2032 బటన్ సెల్స్ మా దగ్గర ఉంటాయి, పాడ్ మూత తీయడానికి నాణెం మాత్రం మీరే తెచ్చుకోండి, ఈ యూపీఐ రోజుల్లో షాప్ గల్లాలో రూపాయి బిళ్ల దొరకట్లేదు.