గువ్వ కాలికి రింగు ఉందా?

సంపాదకుడు గారికి,

చిలకను పంజరంలో పెడితే కేసవుతుందని ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. గువ్వ విషయంలో మాత్రం చదువుకున్నవాళ్లు కూడా "పావురమే కదా" అని తేల్చేస్తారు. ఉత్తర చెన్నైలో మా ఇంటికి దగ్గర్లో ఆదివారం పూట పక్షుల సంత జరుగుతుంది. అక్కడ వ్యాపారం నడిచేది ఈ తేలికభావం మీదే.

మొన్న ఎనిమిదో తరగతి చదివే మా మనవడు దాచుకున్న డబ్బుతో అక్కడ గువ్వల జంటను కొనుక్కొచ్చాడు. అమ్మినాయనది గూడూరు వైపు మాట. "ఫారిన్ గువ్వలు బాబూ, ఏ కేసూ ఉండదు" అన్నాడట. పంజరం మీది గుడ్డ తీసి చూశాను. మెడ వెనక నల్లటి పట్టీ, దాని మీద ముగ్గుచుక్కల్లా తెల్లటి చుక్కలు. ఫారినూ లేదు, పాడూ లేదు. రైలు కోచ్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో వేపచెట్ల కింద నేను ముప్ఫై ఏళ్లు చూసిన గువ్వే అది. రెండో రాత్రి పిల్లి అలికిడికి రెండూ బెదిరి పంజరం పైకప్పుకు తలలు బాదుకున్నాయి. తెల్లారి చూస్తే ఒకటి చచ్చిపడి ఉంది, పంజరం నిండా ఈకలు. గువ్వ ఈకలు ఇట్టే ఊడొస్తాయి. డేగ కాళ్లకు ఈకలు మాత్రం చిక్కితే పక్షి తప్పించుకుపోతుంది. పంజరంలో తప్పించుకుపోయే చోటేది? రెండోదాన్ని అటవీశాఖవారికి అప్పగించి వచ్చాం. మనవడు ఇప్పటికీ ఆ సంగతెత్తితే మాట్లాడడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన ఊళ్లలో స్వేచ్ఛగా తిరిగే ఇలాంటి గువ్వల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తమిళనాడు రాష్ట్ర పక్షి మరకత పావురం. దాని చుట్టాలే సంతలో గోనెసంచుల్లోంచి బయటికొస్తున్నాయి.

పెంచుకోవాలని ముచ్చటపడేవాళ్లకు గువ్వే లేదా అంటే, ఉంది. ఆఫ్రికా గువ్వ నుంచి మనుషులు వందల ఏళ్లుగా సాకుతూ వచ్చిన పెంపుడు రకం ఒకటుంది. లేత గోధుమ రంగులోనో, తెల్లగానో ఉంటుంది. మనిషి చేతి మీద నింపాదిగా కూర్చుంటుంది. కూసినాక నవ్వినట్టు ఇంకో చప్పుడు చేస్తుంది. కొర్రలు, సజ్జలు పెడితే చాలు. గింజను కొరకకుండా మింగేస్తుంది కాబట్టి అరగడానికి సన్నటి రాళ్లూ, సున్నం కోసం నాటుమందుల కొట్లో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్ చేప ఎముకా పెట్టాలి. బాగా చూసుకుంటే పన్నెండేళ్లకు పైనే బతుకుతుంది, అంటే పిల్లవాడు పెళ్లీడుకొచ్చే దాకా బాధ్యత ఇంట్లోవాళ్లదే! పెళ్లిళ్లలో శుభమని ఎగరేసే తెల్ల గువ్వలు ఈ జాతివైతే వాటి పని అంతే. బయట మేత వెతుక్కోవడం వాటికి చేతకాదు, కాకులకు దొరికిపోతాయి.

చిక్కేమిటంటే, ఈ పెంపుడు గువ్వ మెడ మీద ఉన్నట్టే మన ఊళ్లలో తిరిగే ఒక గువ్వ మెడ మీదా నల్లటి అరవంక ఉంటుంది. ఒకటి నేరం, ఒకటి కాదు. కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? మన పెద్దలకు తెలిసేది. పొడ బెళగువ్వ, చిట్టి బెళగువ్వ, పెద్ద బెళగువ్వ అని దేని పేరు దానికుండేది. పందొమ్మిదో శతాబ్దంలో మా నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర పక్షుల గురించి రాస్తూ ఇలాంటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మనం అన్నిటినీ కలిపి పావురం చేసేశాం.

గువ్వ పిల్లల్ని గూట్లోంచి తీసి సాకితే మచ్చిక అవుతాయని ఇంకో మాట. అదీ తప్పే. గువ్వ కట్టేది నాలుగు పుల్లల గూడు, కింద నిలబడి చూస్తే గుడ్లు కనబడతాయి. మామూలుగా రెండే గుడ్లు. పగలు మగది, రాత్రి ఆడది పొదుగుతాయి. పిల్లలు బయటికొచ్చాక తల్లీ తండ్రీ ఇద్దరి మేతసంచిలోనూ విరిగిన పాల లాంటిది ఊరుతుంది. మొదటి కొద్ది రోజులు పిల్లలకు అదే తిండి. పిల్లలు తలను పెద్దవాటి నోట్లో దూర్చి తాగుతాయి. పక్షుల్లో తండ్రి కూడా పాలిచ్చే జాతులు ఎన్నున్నాయి చెప్పండి! ఆవుపాలో, మెత్తటి అన్నమో డ్రాపరుతో పోస్తే ఆ పసికూన ఊపిరాడక చస్తుంది. చిన్నప్పుడు ఉండేలుతో గువ్వల్ని కొట్టినవాణ్నే నేను, సుద్దపూసనని చెప్పుకోవడం లేదు.

అధికారులు దాడులు చేయాలని అడగను. దాడి జరిగిన మర్నాడు సంత పక్క వీధికి మారుతుంది. నేనడిగేది రింగు. ఉత్తర చెన్నైలో పందెం పావురాలు పెంచేవాళ్లు ఎందరో ఉన్నారు. పిల్లకు వారం రోజుల వయసులో కాలికి అతుకులేని రింగు తొడుగుతారు. పాదం పెరిగాక అది ఊడదు, పెద్ద పక్షికి కొత్తగా ఎక్కదు. అంటే రింగున్నది పంజరంలో పుట్టినదే, వలలో పడింది కాదు. సంతలో అమ్మే ప్రతి గువ్వకూ ఇలాంటి రింగు ఉండాలని అటవీశాఖ నిబంధన పెడితే కొనేవాడు కాలు చూస్తే సరిపోతుంది, మెడ చూడక్కర్లేదు.

దాంతోపాటు సంత మొదట్లో గువ్వల బొమ్మలతో తమిళంలోనూ తెలుగులోనూ ఒక బోర్డు కావాలి. తెలుగు ఎవరు రాస్తారని అధికారులు వెనకాడనక్కర్లేదు. కోచ్ ఫ్యాక్టరీలో నేను చేసింది పెయింటు షాపులోనే. బ్రష్షులు నా దగ్గరున్నాయి, రంగు డబ్బాలు వాళ్లిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై