శాతకర్ణి కథ రాస్తున్న నా కూతురికి

చిట్టితల్లీ,

మొన్న రాత్రి ఫోన్‌లో నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. నువ్వు టెన్షన్‌లో ఉన్నావు, నా చేతులు పిండిలో ఉన్నాయి. "క్లైమాక్స్‌కి నహపానుడు సరిపోవట్లేదంటున్నారమ్మా, బయటి దేశం నుంచి దండెత్తి వచ్చిన పెద్ద రాజు పేరు ఒకటి చెప్పు" అన్నావు. శాతకర్ణి ఓడించింది నహపానుడినే, అలా ఎలా కుదురుతుందే అన్నాను. "ఇది సినిమా అమ్మా, సోషల్ పాఠం కాదు" అని పెట్టేశావు. నాకు కోపమేమీ రాలేదు. కానీ నువ్వడిగినదానికి జవాబు ఫోన్‌లో తెమిలేది కాదు, అందుకే రాస్తున్నాను.

2017 సంక్రాంతికి మనందరం 'గౌతమిపుత్ర శాతకర్ణి'కి వెళ్ళాం, గుర్తుందా? నువ్వు ఇంటర్‌లో ఉన్నావు. పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్లకు మించి లేని రాజు, ఏటా నేను బోర్డు మీద రాసి తుడిపేసే పేరు, ఆ రోజు తెర మీద పడగానే హాలంతా ఈలలు. నాకు కళ్ళు చెమర్చాయి. ఎన్నేళ్ళు చెప్పినా నా క్లాసులో రాని ఉత్సాహం అది. ఆ సినిమా తీసినవాళ్ళ మీద ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది.

ఆ మార్చిలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, శాతకర్ణి ఎవరిని ఓడించాడు అన్న ప్రశ్నకు ఒక పిల్లాడు డెమెట్రియస్ అని రాశాడు. సినిమాలో చివరి యుద్ధం ఆ గ్రీకు రాజుతోనే కదా. సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు వాడు బల్ల దగ్గరికి వచ్చి, "నేను చూశాను కదా టీచర్" అన్నాడు. గొడవకు రాలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. డెమెట్రియస్ ఇప్పటి అఫ్ఘానిస్తాన్ వైపున్న బాక్ట్రియా అనే గ్రీకు రాజ్యానికి రాజనీ, క్రీ.పూ. 2వ శతాబ్దం మొదట్లో ఉన్నవాడనీ, శాతకర్ణి పుట్టేనాటికి అతను పోయి రెండు వందల ఏళ్ళ పైమాటేననీ చెప్పాను. తలూపి వెళ్ళిపోయాడు. కానీ వాడు చూసింది గుర్రాలు, మంటలు, కత్తులు. నేను చెప్పింది అంకెలు. వాడి మనసులో ఏది మిగిలి ఉంటుందో నాకు తెలుసు. నీ సినిమా చూసే పిల్లల్లో అలాంటివాళ్ళు ఎందరుంటారో ఆలోచించు.

అసలు నహపానుడు సరిపోకపోవడం ఏమిటి తల్లీ? అతను శకుడు, క్షహరాత వంశం. బయటివాడు కావాలంటే వాళ్ళూ బయటి నుంచి వచ్చినవాళ్ళే. శాతవాహనుల చేతిలోంచి నాసిక్, కార్లే ప్రాంతాలు లాక్కున్నాడు. అతని అల్లుడు ఋషభదత్తుడు నాసిక్ గుహల్లో చెక్కించుకున్న శాసనం ఒక్కసారి చదువు. మూడు లక్షల ఆవుల్ని దానమిచ్చానంటాడు. నదులు దాటేవాళ్ళకు డబ్బు తీసుకోకుండా పడవలు పెట్టించానంటాడు. అతని భార్య, అంటే నహపానుడి కూతురు దక్షమిత్ర, భిక్షువుల కోసం గది ఇచ్చిన శాసనం కూడా ఆ గుహలోనే ఉంది. విలన్‌కి ఇంతకన్నా ఏం కావాలి? దుర్మార్గుడిని ఓడించడం ఎవరైనా రాస్తారు. పుణ్యకార్యాలు చేసే ఇంటిని, బిడ్డలున్న ఇంటిని 'నిరవశేషం' చేశాడని, అంటే ఏమీ మిగలకుండా తుడిచిపెట్టాడని చెప్పుకోవడం ఎలాంటి గెలుపో నువ్వు రాయి.

ఆ 'నిరవశేషం' నా మాట కాదు, శాసనంలోదే. రాయించింది శాతకర్ణి తల్లి గౌతమీ బలశ్రీ.

నీకు ఐదేళ్ళప్పుడు షిరిడీ వెళ్ళి, నాసిక్, త్ర్యంబకం చూసుకుని వచ్చాం. ఆ నాసిక్ గుహలున్న పాండవలేణి కొండ మెట్లెక్కేటప్పుడు నువ్వు నాన్న భుజం మీద నిద్రపోయావు. మూడో గుహ ముందు బలిష్ఠమైన మనుషులు దూలాలను భుజాల మీద మోస్తున్నట్టు చెక్కారు. లోపల వరండా గోడ మీద, తలుపుకి పైగా, బ్రాహ్మీ లిపిలో వరసలు. ఒక్క అక్షరం చదవలేకపోయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలు గలవాడు అన్న బిరుదు ఆ వరసల్లోదే. క్లాసులో మేం చెప్పేది అంతవరకే. కానీ ఆ అమ్మ ఇంకా చాలా రాయించింది. సూర్యకిరణాలకు విచ్చిన తామరలాంటి ముఖం అంది. అందరికీ అభయమిస్తూ నీళ్ళు ధారపోసి తడిసిన చెయ్యి అంది. తల్లి సేవలో లోటు చెయ్యనివాడు అంది. తప్పు చేసిన శత్రువును కూడా హింసించడం ఇష్టం లేనివాడు అంది. క్షహరాతుల్ని తుడిచిపెట్టాడన్న మాట, ఈ మాట, రెండూ ఒకే శాసనంలో ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఉన్నది నీ హీరో పాత్ర.

ఆ శాసనం వేయించేనాటికి ఆమె మనవడు పులుమావి రాజై 19వ ఏడు. కొడుకు లేడు. అదే గుహలో అంతకు ముందుది, శాతకర్ణి ఏలుబడి 24వ ఏట వేసిన ఆజ్ఞ ఒకటుంది. నాసిక్ దగ్గరి గోవర్ధనంలో ఉన్న శ్యామకుడనే అమాత్యుడికి, ముందు అతని క్షేమం కోరి ఆ తర్వాత విషయం చెప్పమన్నారు. మేం భిక్షువులకిచ్చిన పొలం సాగవడం లేదు, ఆ ఊళ్ళో మనుషులు ఉండటం లేదు, కాబట్టి పట్నం పొలిమేరలోని రాజుగారి పొలంలోంచి 100 నివర్తనాలు (అప్పటి పొలం కొలత) ఇవ్వండి అని. అంత యుద్ధం గెలిచిన రాజు బీడుపడ్డ చేను గురించి ఉత్తరం రాయించాడు, చూడు. రాజుతో పాటు తల్లి ప్రస్తావన కూడా ఉంది. ఆమెను ఏమన్నారో తెలుసా? 'జీవసుత'. బతికున్న కొడుకు గల తల్లి. ఆ మాట చదివాక బలశ్రీ శాసనం మళ్ళీ చదివితే గొంతు పట్టేస్తుంది. కొడుకు ఉండగా జీవసుత అనిపించుకున్న మనిషి, కొడుకు పోయాక వాడి ముఖం, భుజాలు, నడక ఒక్కొక్కటే గుర్తు చేసుకుని రాతి మీద చెక్కించింది.

ఇవి నువ్వు కల్పించనక్కర్లేదు. కల్పించాల్సినవి బోలెడున్నాయి. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో, బాలుడిగా అతను ఎక్కడ పెరిగాడో, ఎలా పోయాడో ఏ రాతి మీదా లేదు. అక్కడ నీ ఇష్టం, పాటలు పెట్టు, కన్నీళ్ళు పెట్టు, నేను మొదటి రోజు మొదటి ఆటకే వస్తాను. తెలిసినదాన్ని మాత్రం చెరపకు.

అందరూ చేసేదే కదా అంటావేమో. 2004లో అలెగ్జాండర్ మీద వచ్చిన హాలీవుడ్ సినిమాకు రాబిన్ లేన్ ఫాక్స్ అనే ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు సలహాదారు. అశ్వదళం దూకే సీన్లో తనూ గుర్రమెక్కాడు. అంతటివాడు పక్కనున్నా పురుషోత్తముడితో యుద్ధాన్ని దట్టమైన అడవిలో తీశారు. ఆరియన్ అనే పాత గ్రీకు చరిత్రకారుడు రాసినదాంట్లో పురుషోత్తముడు బురద లేని, ఇసుక గట్టిపడిన చదును నేల వెతికి మరీ సైన్యాన్ని నిలిపాడు, గుర్రాలు తిరగడానికి. అడవి తెర మీద బాగానే ఉంది. కానీ ఆ చెట్లతో ఓడినవాడి తెలివి కనపడకుండా పోయింది. నాకు బాధ అక్కడే.

నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా నహపానుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో మూడింట రెండు వంతుల మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కరిగించలేదు, పాత నాణెం మీదే కొట్టించాడు. చాలావాటిలో కొత్త గుర్తుల కింద నహపానుడి ముఖం ఇంకా కనిపిస్తుంది. మీ డైరెక్టర్‌కి ఆ నాణెం ఫోటో చూపించు. క్లైమాక్స్ అక్కడ దొరకొచ్చు.

మీ షూటింగ్ మొదలయ్యేలోపు నాలుగు రోజులు సెలవు పెట్టు. నాకు షిరిడీ మొక్కు ఉంది, టికెట్లు నేను చేయిస్తాను. పాండవలేణికి పొద్దున్నే వెళ్దాం, ఎండెక్కకముందే. ఈసారి నువ్వు మెలకువగా ఉండాలి.

కారప్పొడి, సున్నుండలు నాన్నతో పంపిస్తున్నాను. రాత్రి పన్నెండు దాటాక టీలు తాగకు.

నీ
అమ్మ