విచారణాధికారి నివేదికకు అసలు ఖరీదెంత?

సంపాదకులకు నమస్కారం.

న్యాయవాది మీద వచ్చిన ఫిర్యాదును రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం ఏడాదిలోగా తేల్చాలని 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 36బి సెక్షన్ చెబుతోంది. తేల్చకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. 2021 డిసెంబరులో అంజినప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ జాప్యాన్ని తప్పుపట్టింది. అనుభవమున్న న్యాయవాదులను, విశ్రాంత న్యాయాధికారులను విచారణాధికారులుగా పెట్టుకునే సంగతి పరిశీలించమంది. మంచి సూచనే. కానీ వారికి ఇచ్చే డబ్బు గిట్టుబాటైందో లేదో ఎవరు చూస్తారు?

అదే చట్టం 12వ సెక్షన్ కింద కౌన్సిల్ లెక్కలకు జరిగే ఆడిట్ అందుకు చాలదు. ఓచరు ఉందా, సంతకం ఉందా అని చూస్తే సరిపోయే లెక్క కాదిది. నివేదికకు రూ.15,000 చొప్పున 20 నివేదికలు తెప్పించారనుకుందాం. ఖర్చు 3 లక్షలు. వాటిలో ఎనిమిదింటికి సంఘం మళ్లీ మొదటినుంచి సాక్ష్యం తీసుకోవాల్సి వస్తే, పనికొచ్చినవి పన్నెండే. అంటే ఒక్కోటి రూ.25,000 పడింది. రెండోసారి సాక్షులను పిలిచిన ఖర్చు ఇందులో కలపనే లేదు. తుది ఉత్తర్వుదాకా, దానిపై బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లే 37వ సెక్షన్ అప్పీలుదాకా ఫైలు వెంట వెళ్తేగాని అసలు ఖరీదు బయటపడదు.

నివేదిక ఎందుకు చెల్లకుండా పోతుంది? సమన్లు ఇవ్వడం, ప్రమాణం చేయించి విచారించడం, రికార్డు తెప్పించడం వంటి సివిల్ కోర్టు అధికారాలను 42వ సెక్షన్ సంఘానికే ఇచ్చింది. బయటి అధికారి ఊరికే వెళ్లి మాట్లాడి రాసుకొచ్చిన వాంగ్మూలాన్ని, సాక్షిని ఎదురు ప్రశ్నించే (క్రాస్ ఎగ్జామినేషన్) అవకాశమివ్వలేదన్న ఒక్క మాటతో ఎదుటి పక్షం పక్కకు నెట్టేస్తుంది. దారి అదే సెక్షన్‌లో ఉంది: సాక్షుల విచారణకు సంఘం కమిషన్ వేయవచ్చు, అంటే తన తరఫున సాక్ష్యం నమోదు చేసే పనిని ఉత్తర్వుతో ఒకరికి అప్పగించవచ్చు. సివిల్ దావాల్లో కోర్టు ఇలా నియమించే న్యాయవాది, అడ్వకేట్ కమిషనర్, మనకు కొత్త కాదు కదా. ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి, ఉత్తర్వు చేతికిచ్చి పంపితే ఆ సాక్ష్యం నిలుస్తుంది.

మన జిల్లాలకు దీని అవసరం ఎక్కువ. ఇచ్ఛాపురం కక్షిదారుకు అమరావతి వాయిదా అంటే రాత్రంతా ప్రయాణం, రెండు రోజుల కూలి. వాయిదా పడితే మళ్లీ అంతా మొదటికే. ఫిర్యాదుదారు పెట్టుకున్న ఈ డబ్బు కౌన్సిల్ పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, ఆడిటర్ దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మోటారు ప్రమాద పరిహారమో, భూసేకరణ సొమ్మో కక్షిదారుకు అందలేదన్న ఫిర్యాదులో చూడాల్సినవి చెక్ పిటిషన్ (కోర్టులో ఉన్న సొమ్ము ఇప్పించమనే దరఖాస్తు), వకాలత్‌నామాలో సొమ్ము తీసుకునే అధికారం, బ్యాంకు స్టేట్‌మెంట్, రసీదు. సోంపేటలోనో బొబ్బిలిలోనో కోర్టు రికార్డు రూములో ఒక్క పూట కూర్చుంటే సగం తేలిపోతుంది. సొమ్ములో శాతం ఫీజుగా ఒప్పుకున్నాడు కాబట్టి మినహాయించుకున్నాననే వాదన వస్తే, అలాంటి ఒప్పందమే బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని అధికారికి తెలిసుండాలి. అయితే చిన్న ఊరి న్యాయవాదుల్లో అందరూ అందరికీ తెలిసినవారే. శ్రీకాకుళం ఫైలుకు విజయనగరం మనిషిని వేయాలి. అదనంగా పడేది బస్సు చార్జీ.

చెల్లింపు పద్ధతి పనినే మార్చేస్తుంది. సిట్టింగ్‌కు ఇంత అంటే సిట్టింగులు పెరుగుతాయి. నివేదికకు ఇంత అంటే రెండు పేజీల నివేదిక వస్తుంది. రికార్డు చేతికొచ్చాక మూడో వంతు, నివేదిక ఇచ్చాక మూడో వంతు, సంఘం దాన్ని స్వీకరించాక మిగతాది ఇస్తే మేలు.

ఇంకో మోసం సగటు లెక్కలో ఉంటుంది. ప్రాథమిక పరిశీలనలోనే కొట్టేయదగిన ఫిర్యాదులను కూడా బయటివారికి పంపితే ఒక్కో ఫైలుకైన సగటు ఖర్చు చవగ్గా కనిపిస్తుంది. అందుకే సొమ్ము వాడుకున్నవి, దొంగ పత్రాలవి, నిర్లక్ష్యానివి వేరువేరుగా తీసి, అదే రకం ఫైళ్లను సంఘం సొంతంగా తేల్చినప్పుడు అయిన ఖర్చు, రోజులతో పోల్చాలి. 2024 జులై సుప్రీంకోర్టు తీర్పుతో కొత్త న్యాయవాదుల నమోదుకు తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ అభ్యర్థికి రూ.750కి మించకూడదని తేలాక కౌన్సిళ్ల చేతిలో వృథా చేసుకునే డబ్బు కూడా లేదు.

గెజిట్‌లో ఎలాగూ ప్రచురించాల్సిన వార్షిక లెక్కలకు ఒక్క పట్టిక జోడిస్తే చాలు: బయటికి పంపిన ఫైళ్లెన్ని, ఖర్చెంత, ఏడాదిలో తేలినవెన్ని, మళ్లీ విచారించినవెన్ని, అప్పీలులో నిలిచినవెన్ని. పేర్లు అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం