బడి వివరాలు ముందే ఇవ్వండి
బడులు తెరిచే ముందు చిన్న తరగతుల పిల్లల ఇళ్లకు కావాల్సిన సమాచారం వేళకు, ఒక్కచోట అందడం లేదు. మా రెండో తరగతి పాప బస్సు ఎన్నింటికి వస్తుందో ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో తెలిసింది, కొనాల్సిన వస్తువుల జాబితా అయితే మూడుసార్లు మారింది, ఒకటే టెన్షన్. ఫోన్ సరిగా చూడలేని తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండే పిల్లలకు ఇంకా కష్టం, మొదటి రోజే ఏమీ తెచ్చుకోక బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్లను చూశాను. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, సెలవుల్లో తప్పిన ఆ అలవాటును మెల్లగా దారికి తేవాలన్నా బడి వేళలు కనీసం రెండు వారాల ముందు తెలియాలి కదా. వేళలు, బస్సు, వస్తువులు, టీకాల కాగితాలు, సాయంత్రం పిల్లల్ని ఎవరితో పంపుతారు, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒకే పేజీలో అచ్చువేసి ప్రతి ఇంటికీ పంపాలి.